బండిలో ఫ్రిజ్: పెట్టె కంటే ముందు కరెంటు చూసుకోండి

మొదటిసారి బండిలో ఫ్రిజ్ పెట్టుకుని క్యాంపింగ్‌కి వెళ్లినప్పుడు, రెండో రోజు పొద్దున్నే పాల కోసం మూత తీస్తే లోపల 14 డిగ్రీలుంది. పాలు విరిగిపోయాయి. పక్కనున్న చిన్న ఎర్ర లైటు ఒకసారి వెలిగి, కాసేపు ఆగి, మళ్లీ ఒకసారి వెలుగుతోంది. అదేం చెబుతోందో నాకప్పుడు తెలీదు. పాడైన సరుకు అంటగట్టారని అమ్మినవాళ్లని మనసులోనే నాలుగు తిట్టుకుని, ఇంటికొచ్చాక మల్టీమీటర్ పెట్టి చూశాను. బానెట్ కింద బ్యాటరీ దగ్గర 12.5 వోల్టులు. డిక్కీలో ఫ్రిజ్ ప్లగ్ దగ్గర, కంప్రెసర్ తిరుగుతుండగా, 11.3. మధ్యలో సన్నటి వైరు 1.2 వోల్టులు మింగేసింది. పాపం ఫ్రిజ్, బ్యాటరీ అయిపోతోందనుకుని దాన్ని కాపాడటానికి తనే ఆగిపోయింది.

అప్పట్నుంచి ఎవరడిగినా ఒకటే చెబుతున్నాను. ఏ ఫ్రిజ్ కొనాలన్నది రెండో ప్రశ్న. దానికి కరెంటు ఎక్కణ్ణుంచి వస్తుంది, ఏ వైరు మీదుగా వస్తుంది అన్నది మొదటిది. ఉన్న డబ్బంతా ఖరీదైన పెట్టె మీద పోసి, వైరు దగ్గర పిసినారితనం చూపిస్తే నాకు జరిగిందే మీకూ జరుగుతుంది.

అసలు ఫ్రిజ్ కావాలా?

ఒక రాత్రి, మహా అయితే రెండు రాత్రులు గడిపి వచ్చేసే వాళ్లకి మంచి ఐస్ బాక్సు చాలు. కిలో ఐసు కరిగేటప్పుడు సుమారు 93 వాట్ అవర్ల వేడిని పీల్చుకుంటుంది. ఐదు కిలోలు వేసుకుంటే 460 పైచిలుకు వాట్ అవర్ల చల్లదనం, వైరూ ఫ్యూజూ లేకుండా. ఫ్రిజ్ విలువ తెలిసేది మూడో రోజు నుంచి. అప్పటికి ఐసు కరిగి, ఆ నీళ్లలో ప్యాకెట్లు తేలుతుంటాయి. ఐసు ఎక్కడ దొరుకుతుందా అని దారి మార్చుకోవాల్సి వస్తుంది. వారం పది రోజులు తిరిగేవాళ్లు, చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లు, ఇన్సులిన్ లాంటి మందులు వెంట ఉంచుకునేవాళ్లు ఫ్రిజ్ గురించి ఆలోచించవచ్చు. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టిందంటే పనికిరాదు. ఐసు ముక్కల మీద ఆనించి ఉంచితే ఆ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

రకం ఎంచుకోవడం

బండి ఫ్రిజ్‌లు మూడు రకాలు. పైకి మూడూ ఒకేలా, మూతా హ్యాండిలూ ఉన్న పెట్టెల్లాగే కనిపిస్తాయి. లోపల పనితీరు మాత్రం దేని దారి దానిదే.

అన్నిటికంటే చవగ్గా దొరికేది పెల్టియర్ రకం. రెండు వేర్వేరు లోహాల అతుకు గుండా కరెంటు పంపితే ఒక అతుకు చల్లబడి ఇంకో అతుకు వేడెక్కుతుందని 1834లో ఫ్రాన్స్‌లో పెల్టియర్ గమనించాడు, ఆ సూత్రమే ఇది. తిరిగే భాగం ఒక చిన్న ఫ్యాన్ తప్ప ఏమీ లేదు కాబట్టి చెడిపోయేది తక్కువ. కానీ బయటి వేడి కంటే 15 నుంచి 20 డిగ్రీలు మాత్రమే తగ్గించగలదు. బయట 40 ఉంటే లోపల 20 దాటి ఉంటుంది. అది మంచినీళ్లకి ఫర్వాలేదు, మాంసానికి కాదు. పైగా చాలావాటిలో థర్మోస్టాట్ ఉండదు, 4, 5 ఆంపియర్లు ఆగకుండా లాగుతూనే ఉంటాయి. రోజుకి 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు, అంటే ఆంపియర్లని గంటలతో గుణిస్తే వచ్చేది) దాపులకి చేరుతుంది. పెట్టె చవక, దాన్ని నడిపే బ్యాటరీ మాత్రం ఖరీదు. ఇంజిన్ ఆన్‌లో ఉన్నంతసేపు సీసాలు చల్లగా ఉంటే చాలనుకునే వాళ్లకి తప్ప ఇది నేను సిఫారసు చేయను.

రెండోది గ్యాస్ మీద నడిచే అబ్సార్‌ప్షన్ రకం. గ్యాస్, ఇంటి కరెంటు, 12 వోల్టులు మూడింటి మీదా పనిచేస్తుంది. గ్యాస్ మీద అయితే చప్పుడనేదే ఉండదు. లోపల అమోనియా ద్రవం తన బరువుతో తానే కిందికి పారుతూ తిరగాలి, అందుకే పెట్టె సమంగా ఉండాలి. ఏటవాలు నేల మీద పెడితే చల్లబడటం ఆగిపోతుంది. 12 వోల్టుల మీద బ్యాటరీని పీల్చేస్తుంది. ఒకే చోట వారం రోజులు దిగిపోయే కారవాన్‌లకి బాగుంటుంది, గతుకుల దారిలో తిరిగే వాళ్లకి కాదు. దీన్ని గ్యాస్ మీద టెంట్‌లో గానీ మూసిన బండిలో గానీ ఎప్పుడూ వెలిగించకండి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. బండి కదిలేటప్పుడు, పెట్రోల్ బంకులోకి వెళ్లేటప్పుడు మంట ఆర్పేసి ఉండాలి.

మూడోది కంప్రెసర్ రకం. ఇంట్లో ఫ్రిజ్‌కి చిన్న తమ్ముడు. బయట ఎండ మండిపోతున్నా లోపల మైనస్ 18 దాకా తీసుకెళ్లగలదు, 30 డిగ్రీల దాకా వాలినా చాలా మోడళ్లు పనిచేస్తాయి. కావాల్సిన చల్లదనం రాగానే ఆగిపోతుంది, అసలు ఆదా అక్కడే ఉంది. చాలా ఫ్రిజ్‌ల లోపల ఉండేది సెకాప్ వాళ్ల బీడీ35 కంప్రెసర్, లేదా అదే పద్ధతిలో చేసిన ఇంకొకటి. ఒకప్పుడు అది డాన్‌ఫాస్ పేరు మీద వచ్చేది, 2010లో ఆ విభాగం చేతులు మారింది. నిమిషానికి 2,000 నుంచి 3,500 చుట్ల మధ్య వేగం మార్చుకుంటుంది. మీటలో 'ఎకో', 'మ్యాక్స్' అని ఉండేది ఎక్కువగా ఈ వేగం సంగతే. ఈ రాతలో ఇక్కణ్ణుంచి చెప్పేదంతా కంప్రెసర్ ఫ్రిజ్ గురించే.

ఎంత పెద్దది?

ఒక్కరికి 20, 25 లీటర్లు, ఇద్దరికి 35 నుంచి 40, నలుగురికి 50, 60. ఇంతకంటే ఎక్కువ ఆలోచించక్కర్లేదు. రెండు సైజుల మధ్య ఊగిసలాడుతుంటే చిన్నదే తీసుకోండి. సగం ఖాళీగా ఉన్న పెద్ద ఫ్రిజ్ మూత తీసిన ప్రతిసారీ లోపలికి వేడిగాలి ఎక్కువ చేరుతుంది. పైగా 40 లీటర్ల పెట్టె నిండితే 40 కిలోలు దాటుతుంది, దాన్ని డిక్కీలోకి ఎత్తాల్సింది మీరే.

కొనే ముందు టేపు పట్టుకెళ్లండి. లీటర్లు కాదు, బయటి కొలతలు ముఖ్యం. మీరు మామూలుగా వాడే సీసా లోపల నిలబడుతుందా? పెట్టిన చోట మూత పూర్తిగా తెరుచుకుంటుందా? ఇవి ఇంటికొచ్చాక తెలిస్తే ఏడుపొస్తుంది. పైకి తెరుచుకునే మూత ఉన్నవాటిలో చల్లగాలి లోపలే ఉండిపోతుంది, ఎందుకంటే చల్లగాలి బరువు. ముందు నుంచి తలుపు తీసేవి వాడుకోవడానికి హాయి, కానీ తలుపు తీయగానే చల్లదనమంతా పాదాల మీదికి జారిపోతుంది.

ఇంకో చిన్న విషయం ఎవరూ చూడరు. పెట్టె వెనక స్టిక్కరు మీద 'ఎన్', 'ఎస్‌టీ', 'టీ' అని ఒక అక్షరం ఉంటుంది. బయట ఎంత వేడిలో అది సరిగా పనిచేస్తుందో దాని అర్థం. 'ఎన్' అయితే 32 డిగ్రీల దాకా, 'ఎస్‌టీ' అయితే 38, 'టీ' అయితే 43. వేసవిలో ఎండలో తిరిగేవాళ్లు 'టీ' ఉన్నదే అడగండి.

మూత చుట్టూ ఉండే రబ్బరుని అక్కడే పరీక్షించండి. కాగితం ముక్క అంచున పెట్టి మూత వేసి లాగండి. గట్టిగా పట్టుకోవాలి. నాలుగు వైపులా అలా చూడండి, సులువుగా జారి వచ్చిందంటే అక్కడ గాలి పోతున్నట్టే. అడుగున నీళ్లు పోయే బిరడా ఉంటే మంచిది. ఫోన్ యాప్ లేకపోతే నష్టమేం లేదు.

రోజుకి ఎంత కరెంటు?

ఇక అసలు సంగతి. మామూలు 40 లీటర్ల ఫ్రిజ్ తిరుగుతున్నప్పుడు 12 వోల్టుల దగ్గర దాదాపు 4 ఆంపియర్లు లాగుతుందనుకోండి. వాతావరణం చల్లగా ఉంటే రోజులో మూడో వంతు సేపు తిరుగుతుంది: 8 గంటలు, అంటే 32 ఏహెచ్. ఎండ బాగా ఉంటే సగం సేపు: 48 ఏహెచ్. నేనైతే లెక్క ఎప్పుడూ 45, 50 దగ్గరే వేసుకుంటాను.

ఇప్పుడు దీన్ని మీ బ్యాటరీ పక్కన పెట్టి చూడండి. బండి స్టార్ట్ చేసే బ్యాటరీ 60 ఏహెచ్ అనుకుంటే, అందులో సగం వాడినా రేపు పొద్దున ఇంజిన్ అందుకుంటుందో లేదో తెలీదు. ఒక్క రాత్రికే గుండె దడ. పైగా ఆ బ్యాటరీలు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు ఇవ్వడానికి పల్చటి ప్లేట్లతో చేసినవి. నెమ్మదిగా లోతుగా వాడితే తొందరగా చచ్చిపోతాయి. అందుకే ఫ్రిజ్‌కి విడిగా ఇంకో బ్యాటరీ కావాలి.

లెడ్ యాసిడ్ లేదా ఏజీఎం (లెడ్ యాసిడ్‌లోనే ద్రవం ఒలకని రకం) 100 ఏహెచ్ అయితే సగమే వాడుకోవాలి, అంటే ఒక రోజు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అయితే అదే 100లో 80, 90 వాడుకోవచ్చు, దాదాపు రెండు రోజులు. బరువు కూడా సగం కంటే తక్కువ. ఒక్కటి గుర్తుంచుకోండి: లిథియం బ్యాటరీని సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడు ఛార్జ్ చేయకూడదు. మంచు కొండల్లో తిరిగేవాళ్లకి ఇది పనికొచ్చే మాట.

ఖర్చయింది తిరిగి నింపడానికి రెండు దారులున్నాయి. బండి నడుస్తున్నప్పుడు డైనమో నుంచి డీసీ-డీసీ ఛార్జర్ (డైనమో కరెంటుని రెండో బ్యాటరీకి తగ్గ వోల్టేజీకి మార్చే పెట్టె) ద్వారా ఎక్కించడం ఒకటి. 20 ఆంపియర్ల ఛార్జర్ ఉంటే రెండున్నర గంటల ప్రయాణంలో ఒక రోజు వాడకం తిరిగి వచ్చేస్తుంది. పాత బండ్లలో రిలే అనే స్విచ్చు ఒకటి పెట్టి రెండు బ్యాటరీలు కలిపేసేవాళ్లు. ఈ మధ్య బండ్లలో డైనమో తన వోల్టేజీని తానే పెంచుకుంటూ తగ్గించుకుంటూ ఉంటుంది, అక్కడ రిలే సరిగా పనిచేయదు. లిథియంకి ఎలాగూ ఛార్జరే మంచిది.

రెండోది సోలార్. 100 వాట్ల ప్యానెల్ మంచి ఎండలో, నష్టాలు పోను, రోజుకి 350 వాట్ అవర్ల వరకు ఇస్తుంది, అంటే 29 ఏహెచ్. మీకు 45 కావాలి. కాబట్టి 150 నుంచి 200 వాట్లు పెట్టుకోండి, ఎంపీపీటీ కంట్రోలర్‌తో (ప్యానెల్ నుంచి వీలైనంత కరెంటు రాబట్టి బ్యాటరీకి ఎక్కించే పరికరం). ఇక్కడో తిరకాసుంది. ఫ్రిజ్‌కి నీడ కావాలి, ప్యానెల్‌కి ఎండ కావాలి. బండి పైకప్పు మీద ప్యానెల్ బిగిస్తే రెండింట్లో ఒకటే దక్కుతుంది. చెట్టు కొమ్మ నీడ ప్యానెల్ మీద ఒక మూల పడినా కరెంటు సగానికి సగం పడిపోవచ్చు. అందుకే మడిచి పెట్టుకునే ప్యానెల్, దానికో పొడవాటి లావు వైరు నాకు నచ్చిన పద్ధతి. బండి నీడలో, ప్యానెల్ ఎండలో.

ఈ తతంగమంతా వద్దనుకునేవాళ్లు పోర్టబుల్ పవర్ స్టేషన్ కొంటున్నారు. తప్పులేదు. 500 వాట్ అవర్లది ఒక ఫ్రిజ్‌ని ఎండాకాలంలో ముప్పావు రోజు, చల్లని రోజుల్లో ఒక రోజు లాగుతుంది. కానీ వాటిలో 'ఎకో' అని ఒకటుంటుంది, తక్కువ కరెంటు వాడుతుంటే ఎవరూ వాడటం లేదనుకుని లైను కట్ చేసేస్తుంది. ఫ్రిజ్ కంప్రెసర్ మధ్యమధ్యలో ఆగుతుంది కదా, ఆ ఖాళీలో పవర్ స్టేషన్ పడుకుంటుంది, మళ్లీ లేవదు. మొదట ఆ ఎకో ఆపేయండి. ఫ్రిజ్‌ని దాని 12 వోల్టుల సాకెట్‌కే పెట్టండి. ఇన్వర్టర్ మీదుగా ఇంటి ప్లగ్‌తో నడపడమంటే, కరెంటుని పైకెక్కించి మళ్లీ కిందికి దించడానికి వృథా చేయడమే.

వైరు: ఇక్కడ తొందరపడకండి

నా కథలో దొంగ ఇదే కాబట్టి లెక్క చూపిస్తాను. ఒక చదరపు మిల్లీమీటరు మందం ఉన్న రాగి వైరు మీటరుకి 0.017 ఓమ్‌ల అడ్డు పెడుతుంది. ముందు బ్యాటరీ నుంచి డిక్కీ దాకా 5 మీటర్లు, తిరిగి వెనక్కి 5 మీటర్లు. మొత్తం 10 మీటర్లు, 0.17 ఓమ్. కంప్రెసర్ 5 ఆంపియర్లు లాగిందంటే 0.85 వోల్టులు దారిలోనే ఆవిరి. లైటర్ సాకెట్ వదులు, ఫ్యూజు, ప్లగ్ కలిపి ఇంకో 0.3 పోతే, నా మీటర్‌లో కనిపించిన 1.2 దాదాపు తేలిపోయింది. అదే 6 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే దారిలో పోయేది 0.14 మాత్రమే.

కాబట్టి చేయాల్సింది ఇది. రెండో బ్యాటరీ నుంచి ఫ్రిజ్ దాకా ప్రత్యేకంగా ఒక వైరు లాగండి, 6 చదరపు మిల్లీమీటర్లది. కొనేటప్పుడు '6 ఎంఎం' అని మాత్రం అడిగి ఊరుకోకండి. కొందరు పై ప్లాస్టిక్ తొడుగుతో కలిపి కొలిచిన వ్యాసాన్ని అలా చెబుతారు, లోపల రాగి అంత ఉండదు. చదరపు మిల్లీమీటర్లలో ఎంతో అడగండి. మైనస్ వైరు కూడా అంతే లావుది వేయండి, దాన్ని ఎక్కడో తుప్పు పట్టిన బోల్టుకి కట్టకండి. ప్లస్ వైరు మీద బ్యాటరీకి జానెడు దూరంలోపే 15 ఆంపియర్ల ఫ్యూజు పెట్టండి. ఫ్యూజు ఉన్నది ఫ్రిజ్ కోసం కాదు, వైరు ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలితే బండి తగలబడకుండా. రేకు రంధ్రం గుండా వైరు వెళ్లే ప్రతిచోటా రబ్బరు వాషరు వేయండి.

చివర సిగరెట్ లైటర్ సాకెట్ పెట్టకండి. అది సిగరెట్ వెలిగించడానికి చేసింది, గతుకుల్లో గంటల తరబడి కరెంటు ఇవ్వడానికి కాదు. ప్లగ్ స్ప్రింగు వల్ల దానంతటదే వెనక్కి జరుగుతుంది, కొన వేడెక్కి ప్లాస్టిక్ కరుగుతుంది. ఆండర్సన్ ప్లగ్ (ఎక్కువ కరెంటు కోసం చేసిన, గట్టిగా పట్టుకునే ప్లగ్) గానీ, మర తిప్పి బిగించే రకం గానీ వాడండి. బండితో వచ్చిన సాకెట్టే గతి అయితే, ఇంజిన్ తాళం చెవి తీశాక అందులో కరెంటు ఉంటుందో పోతుందో ముందే చూసుకోండి. చాలా బండ్లలో పోతుంది.

ఇప్పుడు ఫ్రిజ్‌లో ఉన్న బ్యాటరీ రక్షణ మీట గురించి. 'హై', 'మీడియం', 'లో' అని మూడుంటాయి. కంపెనీని బట్టి కాస్త అటూ ఇటూగా హై అంటే 11.8, మీడియం 11.4, లో 10 వోల్టుల దాపుల్లో ఫ్రిజ్ ఆగిపోతుంది. ఇంజిన్ బ్యాటరీకి తగిలించినప్పుడు హై. విడిగా ఉన్న లెడ్ యాసిడ్‌కి మీడియం. లిథియంకి దాని సొంత రక్షణ ఉంటుంది కాబట్టి లో పెట్టినా ఫర్వాలేదు. ఫ్రిజ్ కొలిచేది బ్యాటరీ దగ్గరి వోల్టేజీ కాదు, తన ప్లగ్ దగ్గరిది. సన్నటి వైరుతో హై పెట్టారంటే నిండు బ్యాటరీ ఉన్నా ఫ్రిజ్ ఆగిపోతుంది. నాకు జరిగింది సరిగ్గా అదే.

పని పూర్తయ్యాక ఒక పరీక్ష చేయండి. కంప్రెసర్ తిరుగుతుండగా బ్యాటరీ దగ్గర ఒకసారి, ఫ్రిజ్ ప్లగ్ దగ్గర ఒకసారి మీటర్ పెట్టండి. తేడా 0.3 లోపు ఉంటే హాయిగా నిద్రపోవచ్చు.

బండిలో ఎక్కడ, ఎలా

కంప్రెసర్ వైపు గాలి రంధ్రాలుంటాయి. లోపలి వేడిని బయటికి నెట్టేది అక్కణ్ణుంచే. ఆ వైపు ఒక జానెడు ఖాళీ వదలండి. బండి నిండా సామాను కుక్కేటప్పుడు దుప్పటో, స్లీపింగ్ బ్యాగో ఆ రంధ్రాలకి ఆనుకుంటుంది, ఫ్రిజ్ తన వేడినే తాను పీలుస్తూ ఆగకుండా తిరుగుతుంది. బ్యాటరీ ఎందుకు తొందరగా అయిపోతోందని అడిగిన స్నేహితుల బండ్లలో ఎక్కువసార్లు నాకు కనిపించింది ఆ దుప్పటే.

కట్టడం మరిచిపోకండి. 40 కిలోల పెట్టె సడన్ బ్రేకు వేస్తే ముందు సీట్ల మీదికి వస్తుంది. బండి నేలకి బిగించిన కొక్కేలకి నాలుగు మూలలా పట్టీలతో కట్టండి. సామాను పట్టీ సాగే రబ్బరుది కాకూడదు. లాగుకునే స్లైడ్ పెట్టుకుంటే సుఖమే, కానీ అది పెట్టె ఎత్తుని పెంచుతుంది, అదీ కొలుచుకోండి.

ఎండలో మూసిన బండి లోపల 60 డిగ్రీలు దాటగలదు. నీడ, కాస్త దించిన అద్దాలు, వెనక అద్దానికి అడ్డు. వీటికి పైసా ఖర్చు లేదు గానీ బ్యాటరీలో మిగిలే కరెంటు చూస్తే మీకే ఆశ్చర్యమేస్తుంది. కంపెనీ ఇచ్చే తొడుగు కొంటే మంచిదే, గాలి రంధ్రాలు తెరిచి ఉన్నది అయితేనే.

బయల్దేరే ముందు రోజు

ఫ్రిజ్‌ని ముందు రోజే ఇంటి కరెంటు మీద పెట్టి చల్లబరచండి. లోపల పెట్టబోయేవి కూడా ఇంటి ఫ్రిజ్‌లో చల్లబడి ఉండాలి. దీని విలువ ఎంతో ఒక చిన్న లెక్కలో చూడండి. 30 డిగ్రీల వేడి ఉన్న 10 లీటర్ల నీళ్లని 4 డిగ్రీలకు దించాలంటే దాదాపు 300 వాట్ అవర్ల వేడిని బయటికి పంపాలి. కంప్రెసర్ ఒక వంతు కరెంటు తీసుకుని సుమారు ఒకటిన్నర వంతుల వేడిని తోడుతుందనుకున్నా, 200 వాట్ అవర్లు ఖర్చు. అంటే 17 ఏహెచ్. మధ్యాహ్నం దారిలో కొన్న వెచ్చటి సీసాలు పది పెట్టారంటే రోజు కరెంటులో మూడో వంతు పైగా వాటికే పోయింది. సాయంత్రం బండి ఆపాక కాదు, ఇంజిన్ నడుస్తుండగానే పెట్టండి.

సర్దేటప్పుడు పచ్చి మాంసం గాలి చొరబడని డబ్బాలో అడుక్కి. ఇంట్లోనే గడ్డకట్టించి తెస్తే అదే రెండు రోజులు ఐసులా పనిచేస్తుంది. ఆకుకూరల్లాంటివి గోడలకి తగలకుండా పైన పెట్టండి, గోడ పక్కన ఉన్నవి గడ్డకడతాయి. కంప్రెసర్ పైన లోపల ఒక మెట్టులా ఉంటుంది, చాలా ఫ్రిజ్‌లలో అక్కడ చల్లదనం కాస్త తక్కువ. గుడ్లు, వెన్న, పండ్లు అక్కడ. మిగిలిన ఖాళీల్లో నీళ్ల సీసాలు దూర్చండి. ఖాళీ గాలి మూత తీయగానే పారిపోతుంది, చల్లటి నీళ్లు పారిపోవు. రేపు ముందుగా ఏది తీస్తారో అది పైన ఉండాలి. మా ఇంట్లో ఎవరో ఒకరు మూత తెరిచిపెట్టి, ఏం తినాలా అని ఆలోచిస్తుంటారు. దానికి మందుగా లోపల ఏమేం ఉన్నాయో మూత మీద కాగితం అంటించాం.

దిగిన చోట

తినేవి 4 డిగ్రీల లోపు ఉండాలి. 5 నుంచి 60 డిగ్రీల మధ్య సూక్ష్మజీవులు జోరుగా పెరుగుతాయి. పాడయ్యే స్వభావం ఉన్నది ఆ మధ్యలో మొత్తం 2 గంటలకు మించి ఉండకూడదు. బయట 32 డిగ్రీలు దాటితే గంటే. కాబట్టి పొద్దున లేచేసరికి ఫ్రిజ్ ఆగిపోయి ఉంటే, వాసన చూసి ఫర్వాలేదనుకోవద్దు. ఎంతసేపు ఆగిందో తెలియకపోతే మాంసం, పాలు పారేయండి. చెడిపోయిన ప్రతిదీ వాసన రాదు.

డిస్‌ప్లేలో అంకెని పూర్తిగా నమ్మకండి. దాని సెన్సర్ గోడకి అంటుకుని ఉంటుంది. ఒక చిన్న థర్మామీటర్‌ని నీళ్ల గ్లాసులో వేసి, గ్లాసుకి మూతేసి పెట్టె మధ్యలో రాత్రంతా ఉంచండి. పొద్దున అందులో కనిపించేదే నిజమైన వేడి. నా ఫ్రిజ్ 4 అని చూపిస్తే మధ్యలో 6 ఉంటుంది, అందుకే నేను 2 దగ్గర పెడతాను. మీది వేరేగా ఉండొచ్చు, కొలిస్తేనే తెలుస్తుంది.

కరెంటు పుష్కలంగా ఉన్నప్పుడు చల్లదనాన్ని దాచుకోవచ్చు. పగలు సోలార్ వస్తుండగా, లేదా బండి నడుస్తుండగా సెట్టింగ్‌ని రెండు మూడు డిగ్రీలు కిందికి దించండి. చీకటి పడ్డాక మళ్లీ మామూలుకి తెండి. లోపలున్న సీసాలన్నీ చల్లబడి ఉంటాయి కాబట్టి కంప్రెసర్ చాలాసేపు లేవదు. బ్యాటరీ మీద భారం తగ్గుతుంది, పక్కన పడుకున్నవాళ్లకి చప్పుడూ తగ్గుతుంది. ఇన్సులిన్ ఉంటే మాత్రం ఈ ఆట ఆడకండి. దాన్ని గోడకి దూరంగా, ఒక డబ్బాలో పెట్టి 2 డిగ్రీల కిందికి పోనివ్వకండి.

ఫ్రీజర్‌గా వాడాలనుకుంటే కరెంటు బాగా పెరుగుతుందని ముందే లెక్కలో వేసుకోండి. కొన్ని రోజుల ప్రయాణానికి మైనస్ 12 చాలు, గడ్డ గడ్డగానే ఉంటుంది. రెండు అరల ఫ్రిజ్‌లు చూడటానికి ముచ్చటగా ఉంటాయి, ఖరీదూ బరువూ కూడా అలాగే ఉంటాయి. నేనైతే ఆ డబ్బు బ్యాటరీ మీద పెడతాను.

మొరాయిస్తే

ముందు ఎర్ర లైటు ఎన్నిసార్లు వెలుగుతోందో లెక్కపెట్టండి. సెకాప్ కంట్రోలర్ (కంప్రెసర్‌ని నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె) ఉన్నవాటిలో దాని భాష ఇది. ఒకసారి వెలిగి ఆగుతుంటే వోల్టేజీ తక్కువ. బ్యాటరీ, వైరు, ప్లగ్ చూడండి. రెండుసార్లు అంటే ఫ్యాన్ ఎక్కువ కరెంటు లాగుతోంది, అందులో ఏదైనా ఇరుక్కుందేమో చూడండి. మూడుసార్లు అంటే మోటారు మొదలవలేకపోతోంది. నాలుగు అంటే భారం ఎక్కువై వేగం అందుకోలేకపోతోంది. ఐదు అంటే కంట్రోలర్ వేడెక్కింది, ఆ దుప్పటి తీసేయండి. మిగతా కంపెనీల్లో తెర మీద 'ఈ1', 'ఈ2' అని వస్తాయి, వాటి అర్థాలు పుస్తకంలో ఉంటాయి. ఆ పేజీని ఫోన్‌లో ఫోటో తీసి ఉంచుకోండి, అడవిలో నెట్ ఉండదు.

మూడు, నాలుగుసార్లు వెలిగితే గంటసేపు ఆపి చూడండి. పెట్టెని పక్కకి వాల్చి తెచ్చి ఉంటే కంప్రెసర్ నూనె గొట్టాల్లోకి వెళ్లి ఉంటుంది. నిలువుగా పెట్టి, కొన్ని గంటలాగి వేయండి. పూర్తిగా పడుకోబెట్టి తెచ్చి ఉంటే రాత్రంతా.

గోడలకి మంచు మందంగా పట్టిందంటే మూత రబ్బరు దగ్గర గాలి చొరబడుతోందని అర్థం, లేదా మూత ఎక్కువగా తీస్తున్నారు. మంచుని చాకుతో గీకకండి. గోడ వెనకే గ్యాస్ గొట్టాలున్నాయి. కొత్త ఫ్రిజ్‌లలో చాలావాటిలో చల్లబరచడానికి ఉండే గ్యాస్ ఆర్ 600ఏ, అది మండే వాయువు. ఆపేసి, మూత తీసి వదిలేస్తే గంటలో అదే కరుగుతుంది.

ఇంటికొచ్చాక

ఖాళీ చేసి, గోరువెచ్చటి నీళ్లలో కాస్త వంట సోడా కలిపి తుడవండి. అడుగు బిరడా తీసి నీళ్లు పోనివ్వండి, రబ్బరు మడతల్లో వేలితో గుడ్డ పెట్టి తుడవండి, వాసన పుట్టేది అక్కడే. గాలి రంధ్రాల్లో దుమ్ముని మెత్తటి బ్రష్‌తో దులపండి, మట్టి దారిలో తిరిగి వస్తే ఒక్కోసారి గుప్పెడు వస్తుంది. పూర్తిగా ఆరాక మూత అంచున మడిచిన గుడ్డ ముక్క ఒకటి పెట్టి, మూత కొంచెం తెరిచి ఉండేలా దాచండి. గట్టిగా మూసి ఉంచితే రెండు నెలల తర్వాత లోపలి నుంచి వచ్చే బూజు వాసన ఏ సోడాకీ పోదు.

రెండో బ్యాటరీని కూడా ఛార్జ్ చేసి ఉంచండి, లెడ్ యాసిడ్ అయితే నిండుగా. ఇక మల్టీమీటర్‌ని ఫ్రిజ్ లోపలే పెట్టండి. నాది అందులోనే ఉంటుంది, సీసాల బుట్ట పక్కన.